విమానం గాల్లో, ధ్యాస ఎక్కడో: పైలట్ల ఏమరుపాటుపై తరచుగా అడిగే ప్రశ్నలు

పైలట్ నిద్రపోయాడనో, విమానం దిగాల్సిన ఊరు దాటిపోయిందనో వార్త వచ్చిన ప్రతిసారీ వాట్సాప్ గ్రూపుల్లో రెండే మాటలు తిరుగుతాయి. ఒకటి, వాళ్లను జైల్లో వేయాలని. రెండోది, పాపం వాళ్లూ మనుషులే కదా అని. అసలు ఏం జరుగుతుంది, ఎవరు విచారిస్తారు, ఏ శిక్ష పడుతుంది అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. జనం ఎక్కువగా అడిగే ప్రశ్నలకు తెలిసినంతలో జవాబులు ఇవి.

ఆటోపైలట్ ఉంది కదా. పైలట్ చూడాల్సింది ఏముంటుంది?

ఆటోపైలట్ చెప్పిన పని చేస్తుంది. చెప్పింది సరైనదో కాదో దానికి తెలియదు. ఇచ్చిన ఎత్తులో, ఇచ్చిన దిశలో పోతూనే ఉంటుంది. కిందికి దిగే సమయం దాటినా, నేల మీది నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లు, అంటే ఏటీసీ, పదిసార్లు పిలిచినా దానికి పట్టదు.

అందుకే కాక్‌పిట్‌లో ఇద్దరికీ పని పంచి ఉంటుంది. ఒకరు విమానం నడుపుతారు, రెండోవారు గమనిస్తారు. గమనించడమంటే ఎత్తు, వేగం, ఇంధనం, రేడియో, వాతావరణం చూస్తూ ఉండటం, తేడా కనబడితే వెంటనే పైకి చెప్పడం. గంటల తరబడి ఏమీ జరగని చోట కళ్లప్పగించి కూర్చోవడం మనిషికి చాలా కష్టమైన పని. మెదడు వేరే పని వెతుక్కుంటుంది. ఏమరుపాటు సాధారణంగా మొదలయ్యేది ఇక్కడే.

అలాగని ఖాళీగా ఉన్నప్పుడే ఇది జరుగుతుందనీ కాదు. 1972 డిసెంబర్ 29న ఈస్టర్న్ 401 విమానం మయామీలో దిగబోతుండగా ముందు చక్రం దిగిందని చూపే చిన్న లైటు వెలగలేదు. సిబ్బంది అంతా ఆ బల్బు మీద పడ్డారు. ఈలోగా ఆటోపైలట్ ఎత్తును పట్టి ఉంచడం మానేసింది, విమానం నెమ్మదిగా దిగుతూ చిత్తడి నేలల్లో కూలిపోయింది. 101 మంది చనిపోయారు. అక్కడ అందరూ మెలకువగానే, ఒళ్లు వంచి పనిచేస్తూనే ఉన్నారు. విమానం వైపు చూసేవాళ్లే లేకపోయారు.

ల్యాప్‌టాప్ చూస్తూ విమానాశ్రయం దాటిపోయిన పైలట్ల కథ నిజమేనా?

నిజమే. జవాబుదారీతనం గురించి మాట్లాడేటప్పుడు అందరూ ముందు చెప్పుకునే ఉదంతం కూడా అదే, అందుకే కాస్త వివరంగా.

2009 అక్టోబర్ 21. నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 188, ఎయిర్‌బస్ ఏ320. శాన్ డియాగో నుంచి మినియాపొలిస్‌కు 144 మంది ప్రయాణికులతో బయల్దేరింది. నార్త్‌వెస్ట్ అప్పటికే డెల్టాలో కలిసిపోయింది. పైలట్లు తమకు కావలసిన డ్యూటీలను ఎంచుకునే పద్ధతి మారి కొత్త కంప్యూటర్ విధానం వచ్చింది. అది కెప్టెన్‌కు అంతుపట్టలేదు. ఫస్ట్ ఆఫీసర్‌కు తెలుసు. 37,000 అడుగుల ఎత్తులో ఇద్దరూ ల్యాప్‌టాప్‌లు తెరిచారు. ఒకరు నేర్పుతుంటే ఒకరు నేర్చుకుంటున్నారు.

1 గంట 17 నిమిషాల పాటు రేడియోలో ఉలుకూ పలుకూ లేదు. కంట్రోలర్లు పిలిచారు. నేల మీది నుంచి విమానాలను గమనించే కంపెనీ డిస్పాచ్ విభాగం కాక్‌పిట్‌కు మెసేజ్‌లు పంపింది. హైజాక్ అయిందేమోనని యుద్ధ విమానాలను సిద్ధం చేశారు, అవి ఎగరాల్సిన అవసరం మాత్రం రాలేదు. విమానం మినియాపొలిస్ దాటి 100 మైళ్లకు పైగా పోయింది. చివరికి ఎప్పుడు దిగుతున్నామని కేబిన్ సిబ్బంది ఇంటర్‌కమ్‌లో అడిగితే గానీ పైలట్లకు తెలివి రాలేదు. వెనక్కి తిప్పే ముందు, విమానం నిజంగా పైలట్ల చేతుల్లోనే ఉందా అని తేల్చుకోవడానికి ఏటీసీ వాళ్లతో అటూ ఇటూ మలుపులు తిప్పించింది. గంటకు పైగా ఆలస్యంగా దిగారు. ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు.

ఆరు రోజులకే, అక్టోబర్ 27న, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఇద్దరి లైసెన్సులూ రద్దు చేసింది. సస్పెన్షన్ కాదు, రద్దు. అత్యవసర ఉత్తర్వు కాబట్టి అప్పీలు తేలేదాకా ఎగరడానికీ వీల్లేదు. అప్పీలుకు వెళ్లారు గానీ, 2010 మార్చిలో రాజీ పడి దాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది ఆగస్టు తర్వాత మళ్లీ మొదటి నుంచి లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చని ఆ ఒప్పందం. కెప్టెన్‌ది దాదాపు 20,000 గంటల అనుభవం.

ఒక చిన్న సంగతి. నిద్రపోయారా, ల్యాప్‌టాప్ చూస్తున్నారా అన్నది బ్లాక్ బాక్స్ ద్వారా తేలలేదు. ఆ విమానంలో కాక్‌పిట్ మాటల రికార్డు చివరి 30 నిమిషాలదే ఉంటుంది, ఆ 30 నిమిషాలూ తిరుగు ప్రయాణంలోనే గడిచిపోయాయి. ల్యాప్‌టాప్‌ల సంగతి పైలట్లే చెప్పారు.

ఎవరికీ ఏమీ కానప్పుడు లైసెన్స్ రద్దు చేయడం మరీ ఎక్కువ కాదా?

ఇదే ప్రశ్న ఆ రోజుల్లో అమెరికాలోనూ నడిచింది. దానికి జవాబు ఇంకో ఉదంతంలో ఉంది.

2008 ఫిబ్రవరి 13న హవాయిలో గో! అనే చిన్న ఎయిర్‌లైన్ విమానం హొనొలులు నుంచి హీలో వెళ్తోంది. చిన్న ప్రయాణం, పట్టపగలు. పైలట్లిద్దరూ నిద్రపోయారు. 18 నిమిషాలు ఏటీసీకి జవాబు లేదు. హీలో దాటి సముద్రం మీదికి పోయాక లేచి వెనక్కి తిప్పారు. ఎఫ్‌ఏఏ కెప్టెన్ లైసెన్సును 60 రోజులు, కో-పైలట్‌ది 45 రోజులు సస్పెండ్ చేసింది. కంపెనీ ఇద్దరినీ ఉద్యోగం నుంచి తీసేసింది. కెప్టెన్‌కు తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో శ్వాస ఆగి ఆగి వచ్చే జబ్బు, ఉందని తర్వాత వైద్య పరీక్షల్లో తేలింది.

నిద్రపోయినవాళ్లకు రెండు నెలల లోపు, మెలకువగా ఉన్నవాళ్లకు ఏకంగా రద్దు. పైకి తలకిందులుగా కనిపిస్తుంది, నా లెక్కలో మాత్రం ఇది సబబే. నిద్ర చాలాసార్లు శరీరం చేసే పని. ల్యాప్‌టాప్ చెయ్యి చాచి తెరిస్తే గానీ తెరుచుకోదు. తెరిచాక కూడా ప్రతి రెండు నిమిషాలకూ ఒకసారి తల ఎత్తే అవకాశం ఉంటుంది, ఎత్తకపోవడం కూడా వాళ్లు చేసుకున్న ఎంపికే. ప్రయాణికులకు గాయమైందా లేదా అన్నది అదృష్టం లెక్క. శిక్షను అదృష్టంతో కొలిస్తే, రేపు ఇంకొకరు అదే పని చేసి, అదే అదృష్టంతో బయటపడి, అది అలవాటుగా మారుతుంది.

ఇక్కడ ఒక్కటి ఒప్పుకోవాలి. మినియాపొలిస్ దాటిపోయిన ఆ రాత్రి తప్పు కాక్‌పిట్‌లో మాత్రమే లేదు. విమానంతో సంబంధం తెగిన విషయాన్ని కంట్రోల్ కేంద్రాలు ఒకదాని నుంచి ఒకటి సరిగా అందుకోలేదనీ, మిలిటరీకి చెప్పడంలో ఆలస్యం చేశాయనీ బయటపడింది. లైసెన్సులు పోయింది మాత్రం ఇద్దరివే.

ఆ తర్వాత రూల్ ఏమైనా మారిందా?

మారింది. 2012లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 2014లో ఎఫ్‌ఏఏ నిబంధన వచ్చింది. ప్యాసింజర్ ఎయిర్‌లైన్ పైలట్లు కాక్‌పిట్‌లో తమ డ్యూటీలో ఉండగా సొంత పనికి ఫోను, ల్యాప్‌టాప్, ట్యాబ్ వాడకూడదు. కంపెనీ ఇచ్చిన ట్యాబ్‌లో చార్టులు, లెక్కలు చూసుకోవడం వేరే విషయం.

ఆ వేరే విషయం కూడా ప్రమాదమే కావచ్చు. 2014 ఆగస్టు 8న ముంబై నుంచి బ్రస్సెల్స్ వెళ్తున్న జెట్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 టర్కీ గగనతలంలో దాదాపు 5,000 అడుగులు దిగిపోయింది. కెప్టెన్ రూల్ ప్రకారమే సీట్లో విశ్రాంతి తీసుకుంటున్నారు. కో-పైలట్ విమాన సమాచారం ఉన్న ట్యాబ్‌లో మునిగిపోయి ఉన్నారు. విమానం ఎత్తు తగ్గుతోందని కింద ఉన్న టర్కీ కంట్రోలర్లు చెప్పాల్సి వచ్చింది. మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇద్దరినీ సస్పెండ్ చేసింది. ఆ ట్యాబ్ సొంత పనికి కాదు, డ్యూటీ పనికే.

విమానంలో పైలట్ నిద్రపోవడం నేరమా?

పడుకోవడం అంతటా తప్పు కాదు, రెండోవారికి చెప్పకుండా పడుకోవడమే తప్పు. అంతర్జాతీయంగా చాలా దేశాల్లో, మన దేశంలో కూడా, కంట్రోల్డ్ రెస్ట్ అనే పద్ధతి ఉంది. విమానం ఎత్తులో నిలకడగా పోతున్నప్పుడు, ఇద్దరిలో ఒకరు, రెండోవారికి చెప్పి, సీట్లోనే కాసేపు కునుకు తీయవచ్చు. కేబిన్ సిబ్బందికి ముందే చెప్పి ఉంచుతారు, వాళ్లు మధ్యలో పలకరిస్తారు. లేచిన వెంటనే కంట్రోల్ చేతిలోకి తీసుకోకూడదు, మత్తు వదలడానికి కొంత సమయం ఇవ్వాలి. 1994లో వెలువడిన నాసా పరిశోధనలో పైలట్లకు 40 నిమిషాల విశ్రాంతి ఇస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయారనీ, తర్వాత చురుకుదనం పెరిగిందనీ తేలింది. చిత్రమేమిటంటే ఆ పరిశోధన చేసిన అమెరికాలోనే ఈ విశ్రాంతికి అనుమతి లేదు.

ఇబ్బంది రెండోవాళ్లకూ కన్ను మూతపడినప్పుడు. 2024 జనవరి 25న ఇండోనేషియాలో బాటిక్ ఎయిర్ ఏ320 కెండారి నుంచి జకార్తా వెళ్తోంది. 153 మంది ప్రయాణికులు. కెప్టెన్ చెప్పే పడుకున్నారు. తర్వాత కో-పైలట్‌కూ నిద్ర పట్టేసింది. సుమారు 28 నిమిషాలు విమానాన్ని ఎవరూ చూడలేదు. కెప్టెన్ లేచేసరికి దారి తప్పి ఉంది. క్షేమంగానే దిగారు. ఆ కో-పైలట్ ఇంట్లో నెల వయసు కవల పిల్లలు ఉన్నారని దర్యాప్తు నివేదికలో ఉంది. ఇంట్లో పసిపిల్లలున్న ఎవరికైనా ఆ ఒక్క వాక్యం చాలు. అలాగని కాక్‌పిట్‌లోకి ఆ నిద్రను తెచ్చుకోవడం సరే అనలేం. ఒంట్లో బాగాలేదు, ఈ రోజు ఎగరలేను అని ఫోన్ చేసే బాధ్యత పైలట్‌ది. అలా ఫోన్ చేస్తే జీతం కోయకుండా, మొహం చిట్లించకుండా వినే బాధ్యత కంపెనీది.

మంగళూరు ప్రమాదంలో కెప్టెన్ గురక రికార్డ్ అయిందంటారు. నిజమేనా?

నిజమే. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 మంగళూరు రన్‌వే దాటి లోయలోకి జారి కాలిపోయింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. దర్యాప్తులో కాక్‌పిట్ రికార్డు విన్నారు. ప్రయాణంలో చాలాసేపు మాటలు లేవు, మధ్యమధ్య గురక వినిపించింది. విమానం కావలసిన దానికంటే ఎత్తులో, ఎక్కువ వేగంతో రన్‌వే మీదికి వచ్చింది. కో-పైలట్ మూడుసార్లు గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవడం, చేద్దామన్నారు. హెచ్చరిక పరికరం అరుస్తూనే ఉంది. కెప్టెన్ దింపేశారు. ఇంచుమించు 8,000 అడుగుల రన్‌వేలో 5,000 అడుగులు దాటాక గానీ చక్రాలు నేలను తాకలేదు.

నివేదిక ప్రధాన కారణంగా చెప్పింది నిద్రను కాదు, గో-అరౌండ్ చేయకపోవడాన్ని. సుదీర్ఘ నిద్ర నుంచి లేచిన మత్తు తీర్పును దెబ్బతీసి ఉండవచ్చని దాన్ని తోడు కారణంగా పేర్కొంది. డ్యూటీకి ముందు తగినంత విశ్రాంతి సమయం ఆయనకు దొరికిందని కూడా రాసింది. అంటే ప్రతి నిద్రకూ రోస్టరే, అంటే డ్యూటీల పట్టికే, కారణమనే వాదన ఇక్కడ నిలవదు.

ఈ ఉదంతంలో నన్ను ఎక్కువగా ఆపేది కో-పైలట్ మాట. తప్పు జరుగుతోందని ఆయన చూశారు, పైకి అన్నారు, అంతకుమించి కంట్రోల్ చేతిలోకి తీసుకోలేదు. సీనియర్ ముందు జూనియర్ ఎంతవరకు వెళ్లవచ్చన్నది మన ఆఫీసుల్లో అందరికీ తెలిసిన ఇబ్బందే, కాక్‌పిట్‌లో దానికి సెకన్లే ఉంటాయి. కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లి వచ్చే మనవాళ్లు ఎక్కేవీ ఎక్కువగా ఇలాంటి రాత్రి విమానాలే. తెల్లవారుజామున దిగే ఆ గంట మనిషి శరీరం నిద్ర కోసం బాగా గుంజే సమయం.

కాక్‌పిట్‌లో కబుర్లు చెప్పుకోకూడదా? కాఫీ తాగకూడదా?

తాగవచ్చు, మాట్లాడుకోవచ్చు, ఎప్పుడన్నదే ప్రశ్న. 1974 సెప్టెంబర్ 11న అమెరికాలోని షార్లట్ దగ్గర ఈస్టర్న్ 212 పొగమంచులో దిగుతూ కూలి 70 మందికి పైగా చనిపోయారు. దిగే సమయంలో పైలట్లు రాజకీయాల గురించీ, పాత కార్ల గురించీ మాట్లాడుకుంటున్నారు. అలాంటి ఉదంతాల ఫలితమే 1981లో వచ్చిన స్టెరైల్ కాక్‌పిట్ నిబంధన. నేల మీద కదులుతున్నప్పుడు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, మామూలుగా 10,000 అడుగుల లోపు, విమానం పనికి సంబంధం లేని మాట, పని ఏదీ ఉండకూడదు. కేబిన్ సిబ్బంది కూడా అప్పుడు ఊరికే పిలవకూడదు. ఇంచుమించు ఇదే పద్ధతి మన దగ్గరా ఉంది.

పైకి ఎక్కాక నియమం సడలుతుంది, కానీ కాఫీ కప్పు ఎక్కడ పెట్టామన్నది అప్పుడూ ముఖ్యమే. 2023 మార్చిలో హోలీ రోజున ఢిల్లీ నుంచి గువాహటి వెళ్తున్న స్పైస్‌జెట్ విమానంలో పైలట్లు కంట్రోల్ మీటల పక్కన కాఫీ కప్పు పెట్టి గుజియాలు తింటున్న ఫొటో బయటికొచ్చింది. ఇద్దరినీ డ్యూటీ నుంచి తప్పించారు. గుజియా తిన్నందుకు కాదు. ఆ మీటల మీద కాఫీ ఒలికితే ఎలక్ట్రానిక్స్ పరిస్థితి ఏమిటన్నదే ప్రశ్న.

మన దేశంలో చర్య తీసుకునేది ఎవరు?

డీజీసీఏ. లైసెన్స్ ఇచ్చేది వాళ్లే, హెచ్చరించేది, సస్పెండ్ చేసేది, రద్దు చేసేది వాళ్లే. పాత 1934 విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024 వచ్చింది, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ముందు పైలట్‌కు షోకాజ్ నోటీసు ఇచ్చి వివరణ తీసుకుంటారు. ప్రమాదాలు, తీవ్రమైన సంఘటనల దర్యాప్తు మాత్రం ఏఏఐబీ అనే వేరే సంస్థది.

మద్యం విషయంలో పట్టిక స్పష్టంగా ఉంది. బ్రీత్ టెస్టులో మొదటిసారి దొరికితే మూడు నెలలు, రెండోసారి మూడేళ్లు సస్పెన్షన్, మూడోసారి లైసెన్స్ రద్దు. ఏమరుపాటుకు అంత తేటగా గీత గీయడం కుదరదు. ఊదితే అంకె చూపించే యంత్రం ధ్యాసకు లేదు కదా. అందుకే ఒక్కో కేసు ఒక్కో రకంగా తేలుతుంది. 2023 ఫిబ్రవరిలో దుబాయ్ నుంచి ఢిల్లీ వస్తూ స్నేహితురాలిని కాక్‌పిట్‌లోకి రానిచ్చిన ఎయిర్ ఇండియా పైలట్‌కు మూడు నెలల సస్పెన్షన్, కంపెనీకి 30 లక్షల జరిమానా పడ్డాయి.

డీ-రోస్టర్ చేశారంటే ఉద్యోగం పోయినట్టా?

కాదు. విచారణ తేలేదాకా ఎగిరే డ్యూటీ ఇవ్వరు, అంతే. వార్తల్లో ఇదే శిక్షలా కనిపిస్తుంది గానీ శిక్ష కాదు. ఎగిరిన గంటలను బట్టి వచ్చే డబ్బు మాత్రం పోతుంది, అందువల్ల పైలట్లకు ఇది తేలిక విషయమేమీ కాదు.

ఒక్క స్విచ్ మరచిపోతే కూడా శిక్షా?

2018 సెప్టెంబర్ 20న ముంబై నుంచి జైపూర్ వెళ్తున్న జెట్ ఎయిర్‌వేస్ విమానంలో కేబిన్‌లో గాలి ఒత్తిడిని నిలిపే బ్లీడ్ స్విచ్‌లు వేయలేదు. 166 మంది ప్రయాణికుల్లో దాదాపు 30 మందికి ముక్కు నుంచో, చెవి నుంచో రక్తం వచ్చింది. మాస్కులు ఊడిపడ్డాయి. వెనక్కి తిప్పి ముంబైలో దింపారు.

మరచిపోవడాన్ని శిక్షించి ఎవరికీ జ్ఞాపకశక్తి పెంచలేం. అందుకే చెక్‌లిస్ట్ పెట్టారు, ఒకరు చదివితే ఒకరు జవాబు చెప్పాలి. కాబట్టి విచారణలో మొదట అడగాల్సింది స్విచ్ ఎందుకు వేయలేదని కాదు, చెక్‌లిస్ట్ చదివారా లేదా అని. చదివినా కన్ను దాటిపోతే అది పొరపాటు, మళ్లీ శిక్షణ ఇవ్వాలి. చదవకుండానే చదివినట్టు కానిచ్చేస్తే అది వేరే కథ. ఇంకో ప్రశ్న కూడా వేస్తారు: అదే అనుభవం ఉన్న మరో పైలట్‌ను అదే సీట్లో, అదే పరిస్థితిలో కూర్చోబెడితే తనూ అదే పొరపాటు చేసేవాడా? అవును అని జవాబు వస్తే ఒక మనిషిని మార్చి ప్రయోజనం లేదు, పద్ధతినే మార్చాలి.

దర్యాప్తు నివేదికలో పైలట్ తప్పు అని ఉంటే అదే తీర్పా?

కాదు. అంతర్జాతీయ నిబంధన, అంటే ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ ఐకావో అనెక్స్ 13, దర్యాప్తు ఉద్దేశం మళ్లీ ప్రమాదం జరగకుండా చూడటమేనని స్పష్టంగా చెబుతుంది. నింద ఎవరిదో, బాధ్యత ఎంతో తేల్చడం దాని పని కాదు. నివేదికలో కారణాలు రాస్తారు, నేరస్తులను ప్రకటించరు. మన టీవీ చర్చల్లో ముందు కొట్టుకుపోయేది ఈ తేడానే.

2025 జూన్ 12 అహ్మదాబాద్ ప్రమాదం గురించి అడిగేవారికీ ఇదే జవాబు. ప్రాథమిక నివేదిక ఇంధన స్విచ్‌లు కటాఫ్‌కు, అంటే ఇంజిన్లకు ఇంధనం ఆగిపోయే స్థితికి, మారాయని చెప్పింది, ఎవరు, ఎందుకు అన్నది తేల్చలేదు. ఆ ప్రాథమిక నివేదికను పట్టుకుని, తమ వైపు మాట చెప్పుకోవడానికి ప్రాణాలతో లేని ఇద్దరు పైలట్ల మీద తీర్పులు ఇవ్వడం అన్యాయం.

బస్సు డ్రైవర్ కునుకు తీసి గుద్దితే కేసు పెడతారు. పైలట్‌కు ఎందుకు పెట్టరు?

పెట్టకూడదని చట్టం ఎక్కడా చెప్పలేదు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే వర్తించే సెక్షన్, పాత ఐపీసీ 304ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 106, పైలట్లకూ వర్తిస్తుంది. పెద్ద ప్రమాదాల్లో చాలాసార్లు పైలట్లే బతకరు, అందుకే మనకు అలాంటి కేసులు అరుదుగా కనిపిస్తాయి.

బయట దేశాల్లో ఉన్నాయి. 2006లో బ్రెజిల్ మీద ఒక లెగసీ బిజినెస్ జెట్, గోల్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ గాల్లోనే ఢీకొన్నాయి. బోయింగ్‌లోని 154 మందీ చనిపోయారు, జెట్ క్షేమంగా దిగింది. జెట్‌లో ఎదుటి విమానాలకు తన ఉనికి తెలిపే ట్రాన్స్‌పాండర్ చాలాసేపు పనిచేయలేదు, ఆ ఇద్దరు అమెరికన్ పైలట్లు గమనించలేదు. బ్రెజిల్ కోర్టు 2011లో వాళ్లను దోషులుగా తేల్చింది, శిక్షను సమాజ సేవగా మార్చింది. అదే ప్రమాదంలో కంట్రోలర్ల తప్పులూ ఉన్నాయి. 2007లో యోగ్యకర్తాలో 21 మంది చనిపోయిన గరుడ విమాన ప్రమాదంలో కెప్టెన్‌కు రెండేళ్ల జైలు శిక్ష పడింది, పై కోర్టు దాన్ని కొట్టేసింది.

జైలు వద్దనేవారి వాదనలో బలం ఉంది. పోలీసు వస్తాడంటే ఎవరూ నోరు విప్పరు, నోరు విప్పకపోతే రేపటి ప్రమాదాన్ని ఆపే సమాచారం అందదు. డాక్టర్ల విషయంలో 2005లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: మామూలు పొరపాటుకు క్రిమినల్ కేసు కాదు, ఘోరమైన నిర్లక్ష్యమై ఉండాలి, ముందు స్వతంత్రంగా మరో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి. పైలట్లకూ అలాంటి గీతే కావాలన్నది నా అభిప్రాయం. వద్దని తెలిసీ చేసినవాళ్లకు, జరిగింది దాచినవాళ్లకు, రికార్డు చెరిపినవాళ్లకు మాత్రం ఆ రక్షణ ఉండకూడదు.

పైలట్ తన తప్పు తానే చెప్పుకుంటే ఏమవుతుంది?

అమెరికాలో 1976 నుంచి నాసా నడుపుతున్న రిపోర్టింగ్ వ్యవస్థ ఉంది. తెలిసి చేయని తప్పును 10 రోజుల్లోగా రాసి పంపితే, విచారణలో తప్పు రుజువైనా మామూలుగా శిక్ష మినహాయిస్తారు. ప్రమాదాలకు, నేరాలకు ఇది వర్తించదు. నడిపేది లైసెన్స్ ఇచ్చే సంస్థ కాకుండా నాసా కావడమే ఇందులో కిటుకు. తన మెడ మీద కత్తి పట్టుకున్నవాడికే ఎవరూ తప్పు ఒప్పుకోరు.

ఐకావో కూడా ఇలాంటి స్వచ్ఛంద రిపోర్టులకు రక్షణ ఉండాలంటోంది. మన ఎయిర్‌లైన్స్‌లోనూ అలసట రిపోర్టు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఇచ్చిన రిపోర్టుల్లో ఎన్నిటిని ఒప్పుకున్నారు, ఎన్నిటిని పక్కన పెట్టారు అన్నది కంపెనీలు జనానికి కనబడేలా పెడితే ఈ చర్చలో సగం తేలిపోతుంది.

మరి ఎయిర్‌లైన్ కంపెనీకి శిక్ష ఉండదా?

ఉంటుంది, ఎక్కువసార్లు జరిమానాగా. 2024 మార్చిలో డీజీసీఏ ఎయిర్ ఇండియాకు 80 లక్షల జరిమానా వేసింది. పైలట్లకు చాలినంత వారపు విశ్రాంతి ఇవ్వకపోవడం, 60 దాటిన ఇద్దరు పైలట్లను ఒకే విమానంలో కలిపి పంపడం వంటివి అందులో ఉన్నాయి.

అదే ఏడాది జనవరిలో కొత్త డ్యూటీ నిబంధనలు ప్రకటించారు. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి డ్యూటీగా లెక్కించే సమయం తెల్లవారుజాము 5 గంటలకు బదులు 6 గంటల దాకా సాగింది. రాత్రి డ్యూటీలో ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ఎయిర్‌లైన్స్ అభ్యంతరాలతో అమలు వాయిదా పడి, చివరికి 2025లో జులై, నవంబర్ నెలల్లో రెండు విడతలుగా వచ్చింది. దానికి తగినంత మంది పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో డిసెంబర్‌లో వేల విమానాలు రద్దు చేసింది. శంషాబాద్‌లో జనం సూట్‌కేసుల మీదే పడుకున్నారు. మన శ్రీకాకుళం నుంచి వెళ్లిన రామ్మోహన్ నాయుడు గారు అప్పుడు విమానయాన మంత్రి. కొన్ని రాత్రి నిబంధనలకు ఇండిగోకు తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు. ఆ రోజుల్లో ఎయిర్‌పోర్టులో ఇరుక్కున్న వాళ్లకు అది ఊరటే. కానీ నియమం పాటించడానికి సిద్ధపడని కంపెనీకి మినహాయింపు దొరికితే, అలసిపోయి కునుకు తీసిన పైలట్‌కు సస్పెన్షన్ పడటం మాత్రం మింగుడుపడదు.

నష్టపరిహారం మాటకొస్తే, అది ఎయిర్‌లైనే కట్టాలి. భారత్ 2009లో మాంట్రియల్ ఒప్పందంలో చేరింది. అంతర్జాతీయ ప్రయాణాల్లో ఒక పరిమితి వరకు పైలట్ తప్పు రుజువు చేయకుండానే కుటుంబాలకు పరిహారం అందాలి.

కాక్‌పిట్‌లో కెమెరా పెడితే సరిపోదా?

అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ చాలా ఏళ్లుగా అడుగుతోంది. పైలట్ సంఘాలు ఒప్పుకోవడం లేదు. చనిపోయే క్షణాల వీడియో టీవీలో తిరుగుతుందన్న భయం ఉత్తది కాదు, మాటల రికార్డులే బయటికొచ్చిన సందర్భాలు ఉన్నాయి. మాటల రికార్డును 2 గంటల నుంచి 25 గంటలకు పెంచడం మాత్రం మొదలైంది. ఐకావో ప్రకారం కొత్తగా తయారయ్యే పెద్ద విమానాలకు అది ఉండాలి. ఆ రికార్డు 2009లో మినియాపొలిస్ విమానంలో ఉండి ఉంటే పైలట్ల మాట నమ్మాలా వద్దా అన్న గొడవే వచ్చేది కాదు.

ఎత్తు, వేగం, మలుపు లాంటివన్నీ ఇప్పటికే ప్రతి ప్రయాణంలో రికార్డవుతున్నాయి. కంపెనీలు ప్రమాదం జరగకపోయినా ఆ డేటాను పరిశీలిస్తాయి. రన్‌వే మీదికి మరీ వేగంగా వచ్చిన పైలట్‌కు కొన్నాళ్లలో ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది.

ప్రయాణికుడిగా నాకు అనుమానం వస్తే ఏం చేయాలి?

విమానంలో ఉన్నప్పుడైతే కేబిన్ సిబ్బందికి చెప్పండి, వాళ్లకు ఇంటర్‌కమ్ ఉంది. మొహమాటపడకండి. దిగాక ఫ్లైట్ నంబర్, తేదీ, సమయంతో ఎయిర్‌లైన్‌కు రాయండి, ప్రభుత్వ ఎయిర్‌సేవ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. పైలట్ల ఫొటోలు, పేర్లు సోషల్ మీడియాలో పెట్టకండి. ల్యాండింగ్ గట్టిగా తగిలినంత మాత్రాన ఏమరుపాటు అనుకోకండి. తడి రన్‌వే మీద కావాలనే అలా గట్టిగా దింపుతారు.